పది కోట్ల ఏళ్లలో ఆరిపోవలసిన వెలుగు: ఢీకొనే గెలాక్సీ గుచ్ఛాల్లో రేడియో కాంతి

1959లో లార్జ్, మాథ్యూసన్, హాస్లం అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ 250 అడుగుల రేడియో టెలిస్కోపుతో కోమా గెలాక్సీ గుచ్ఛాన్ని 408 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద పరిశీలించారు. అక్కడి రేడియో తరంగాలు ఒక బిందువు నుంచి కాక, విశాలంగా పరచుకున్న ప్రాంతం నుంచి వస్తున్నట్లు తేలింది. అప్పటికి అందులో పెద్ద వింత ఉందనుకోనక్కర్లేదు. వెయ్యికి పైగా గెలాక్సీలున్న గుచ్ఛం అది, ఆ టెలిస్కోపు చూపు మసక, కనుక విడివిడి గెలాక్సీల వెలుగులే కలిసిపోయి ఒక మబ్బులా కనిపించి ఉండవచ్చు. ఆ అవకాశం 1970తో పోయింది. విల్సన్ కేంబ్రిడ్జిలోని వన్ మైల్ టెలిస్కోపుతో గెలాక్సీలను ఒక్కొక్కటిగా గుర్తించి వాటి వాటాను తీసివేసిన తర్వాత కూడా చెప్పుకోదగినంత కాంతి మిగిలింది. ఏ గెలాక్సీకీ చెందకుండా, గెలాక్సీల నడుమ ఖాళీ అనుకునే చోటు నుంచి వచ్చే ఈ కాంతినే ‘రేడియో హాలో’ అంటున్నారు. కోమా హాలో వ్యాసం ఒక మెగాపార్సెక్ స్థాయిలో ఉంటుంది, అంటే ముప్పై లక్షల కాంతి సంవత్సరాలకు పైమాటే.

ఆ చోటు నిజానికి ఖాళీ కాదు. గెలాక్సీ గుచ్ఛం ద్రవ్యరాశిలో సుమారు 80 శాతం కృష్ణ పదార్థం, మిగిలినదానిలో అత్యధిక భాగం గెలాక్సీల మధ్య నిండి ఉన్న వేడి వాయువు. పేరుకు గెలాక్సీల గుచ్ఛమే అయినా అందులో గెలాక్సీల వాటా కొద్ది శాతం మాత్రమే. వాయువు ఉష్ణోగ్రత కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వరకు ఉంటుంది, సాంద్రత మాత్రం చాలా చోట్ల ఒక లీటరు చోటులో కొద్ది కణాల స్థాయిలోనే ఉంటుంది. అంత పలుచని వాయువైనా విస్తారం పెద్దది కాబట్టి ఎక్స్ కిరణాల్లో స్పష్టంగా వెలుగుతుంది. ఆ ఎక్స్ కిరణాలు వేడి వల్ల పుట్టేవి, వాటిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. రేడియో కాంతి సంగతి వేరు. దాన్ని వేడి పుట్టించలేదు. దాదాపు కాంతి వేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్ర రేఖల చుట్టూ సుళ్లు తిరిగేటప్పుడు వెలువరించే సింక్రోట్రాన్ కాంతి అది. గుచ్ఛాల్లోని అయస్కాంత క్షేత్రం ఒకటి నుంచి కొన్ని మైక్రోగాస్‌లు, అంటే భూమి ఉపరితలం మీది క్షేత్రంలో లక్ష వంతుకు కూడా చాలనంత బలహీనం. ఇంత బలహీనమైన క్షేత్రంలో కొన్ని వందల మెగాహెర్ట్జ్‌ల కాంతి పుట్టాలంటే ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి దాని నిశ్చల ద్రవ్యరాశి శక్తికి దాదాపు పదివేల రెట్లు ఉండాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఇంత శక్తి గల ఎలక్ట్రాన్ ఎక్కువ కాలం దాన్ని నిలుపుకోలేదు. రేడియో కాంతి వెలువరించడమే ఒక ఖర్చు. అంతకన్నా తప్పించుకోలేని ఖర్చు మరొకటి ఉంది. విశ్వమంతటా నిండి ఉన్న సూక్ష్మతరంగ నేపథ్య వికిరణంలోని ఫోటాన్లను ఎలక్ట్రాన్ ఢీకొన్నప్పుడల్లా కొంత శక్తి వాటికి పోతుంది. ఈ నష్టం సుమారు 3.25 మైక్రోగాస్ అయస్కాంత క్షేత్రంలో కలిగే నష్టంతో సమానం, కనుక గుచ్ఛంలో క్షేత్రం అసలు లేకపోయినా ఎలక్ట్రాన్ చల్లారక తప్పదు. అన్నీ లెక్కేస్తే రేడియోలో వెలిగే ఎలక్ట్రాన్ ఆయుష్షు పది కోట్ల సంవత్సరాల స్థాయిలో ఉంటుంది. ఆ కాలంలో అది ఎంత దూరం పోగలదు? కాంతి వేగంతో సూటిగా పోగలిగితే పది కోట్ల కాంతి సంవత్సరాలు పోవచ్చు. కానీ మెలికలు తిరిగిన క్షేత్ర రేఖలు దాన్ని సూటిగా పోనివ్వవు. వాయువులోని ధ్వని వేగంతో, అంటే సెకనుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు వేగంతో జరిగిందనుకున్నా మూడు నాలుగు లక్షల కాంతి సంవత్సరాలు దాటలేదు. ముప్పై లక్షల కాంతి సంవత్సరాల హాలోను ఏదో ఒక గెలాక్సీ నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లు నింపాయనడం కుదరదు. 1977లో జాఫే ఈ అసంగతిని ఎత్తిచూపాడు. గుచ్ఛాల రేడియో కాంతి మీద ఆ తర్వాత జరిగిన వాదన అంతా ఒక రకంగా ఈ ఒక్క లెక్కకు వెతికిన జవాబే. ఎలక్ట్రాన్లు వెలుగుతున్న చోటే పుట్టి ఉండాలి, లేదా వెలుగుతున్న చోటే మళ్లీ శక్తి పుంజుకుని ఉండాలి.

మొదటి మార్గాన్ని 1980లో డెనిసన్ ప్రతిపాదించాడు. ఎలక్ట్రాన్లు త్వరగా చల్లారినా ప్రోటాన్లు చల్లారవు. బరువైన కణాలు కావడంతో వాటి శక్తి నష్టం అతి స్వల్పం, పైగా గుచ్ఛం ఎంత పెద్దదంటే విశ్వం వయసంత కాలం గడిచినా అవి బయటపడలేవు. కోట్ల ఏళ్లుగా పోగుపడిన ఈ ప్రోటాన్లు వేడి వాయువులోని ప్రోటాన్లను అడపాదడపా ఢీకొంటాయి, ఆ తాకిడిలో పుట్టే పయాన్లు అనే అల్పాయుష్షు కణాలు విచ్ఛిన్నమై ఎలక్ట్రాన్లను ఇస్తాయి. ఈ విధంగా గుచ్ఛం నలుమూలలా నిరంతరం కొత్త ఎలక్ట్రాన్లు పుడుతూనే ఉంటాయి, వాటికి ప్రయాణం చేసే అవసరమే లేదు. చక్కని ఊహ. దానితో వచ్చే పర్యవసానాలు మాత్రం కచ్చితమైనవి. అదే తాకిడిలో గామా కిరణాలూ పుట్టాలి. ప్రోటాన్లు పెద్ద గుచ్ఛాలన్నిటిలోనూ పోగుపడతాయి కనుక పెద్ద గుచ్ఛాలన్నిటిలోనూ హాలో కనిపించాలి.

రెండో మార్గం అల్లకల్లోలానిది. గెలాక్సీ గుచ్ఛాలు ఒక్కసారిగా ఏర్పడవు, చిన్న గుచ్ఛాలు ఒకదానితో ఒకటి ఢీకొని కలిసిపోతూ పెరుగుతాయి. సెకనుకు రెండు మూడు వేల కిలోమీటర్ల వేగంతో రెండు గుచ్ఛాలు ఎదురైనప్పుడు గెలాక్సీలు చాలావరకు ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతాయి, కృష్ణ పదార్థమూ దాటిపోతుంది, వాయువు మాత్రం వాయువును గుద్దుకుని వెనకబడుతుంది. ఒక పెద్ద కలయికలో విడుదలయ్యే శక్తి 10 ఘాతం 63 నుంచి 64 ఎర్గుల స్థాయిలో ఉంటుంది. అందులో అధిక భాగం వాయువును వేడి చేయడానికే ఖర్చవుతుంది. కొద్ది భాగం లక్షల కాంతి సంవత్సరాల పరిమాణం గల సుడులుగా మారి, పెద్ద సుడి చిన్న సుడులుగా విరిగి, అయస్కాంత క్షేత్రాన్ని కవ్వంతో చిలికినట్లు చిలుకుతుంది. ఆ చిలుకుడులో చిక్కిన ఎలక్ట్రాన్ కొన్ని తాకిళ్లలో శక్తి పొందుతుంది, కొన్నిటిలో పోగొట్టుకుంటుంది. ఎదురుగా వచ్చే తాకిళ్లు కొంచెం ఎక్కువ కనుక చివరికి కాస్త లాభమే మిగులుతుంది. 1949లో ఫెర్మీ విశ్వకిరణాల గురించి చెప్పిన ప్రక్రియ ఇదే. ఇది నిదానమైన ప్రక్రియ, సామర్థ్యం తక్కువ. చల్లని ఎలక్ట్రాన్‌ను నేరుగా అంత శక్తికి ఎత్తలేదు, అంతకుముందే కొంత శక్తి గల ఎలక్ట్రాన్లు సిద్ధంగా ఉంటేనే పని చేస్తుంది. ఆ షరతు దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

ఈ రెండింటిలో ఏది సరైనదో తేల్చడంలో మహారాష్ట్రలోని ఒక పల్లెకు పెద్ద పాత్ర ఉంది. పుణేకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, నారాయణగావ్ దగ్గర ఖోడద్ గ్రామం వద్ద, రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ నాయకత్వంలో నిర్మించిన జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు, జీఎంఆర్‌టీ ఉంది. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలు 25 కిలోమీటర్ల మేర పరచుకుని ఒకే టెలిస్కోపుగా పని చేస్తాయి. మన్నికకూ పొదుపుకూ కలిపి తీగ వలతో అల్లిన ఆ డిష్‌లు తక్కువ పౌనఃపున్యాల కోసమే రూపొందాయి. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి బృందం ఈ టెలిస్కోపుతో ఎక్స్ కిరణాల్లో బాగా వెలిగే 50 గుచ్ఛాలను ఎంచుకుని సర్వే చేసి, 2007, 2008లలో ఫలితాలు ప్రచురించింది. పుణేలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రానికి చెందిన రుతా కాలే బృందం తర్వాతి సంవత్సరాల్లో ఆ సర్వేను విస్తరించింది.

ఫలితం ఎవరికీ అనుకూలంగా వంచడానికి వీల్లేనిది. ద్రవ్యరాశిలోనూ ఎక్స్ కిరణ ప్రకాశంలోనూ ఒకేలా ఉన్న గుచ్ఛాల్లో కొన్నిటికి హాలో ఉంది, ఎక్కువ వాటికి లేదు. లేదు అంటే మసకగా ఉండి దొరకకపోవడం కాదు, ఉండవలసినదానికంటే ఎన్నో రెట్లు తక్కువ స్థాయి వరకు వెతికినా లేదు. 2010లో కస్సానో బృందం ‘చంద్ర’ అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఇవే గుచ్ఛాల ఎక్స్ కిరణ చిత్రాలను తీసుకుని, వాయువు ఎంత చెదిరి ఉందో కొలిచింది. హాలో ఉన్న గుచ్ఛాలు దాదాపు అన్నీ కలయిక మధ్యలో చెదిరి ఉన్నవి, హాలో లేనివి చాలావరకు సద్దుమణిగినవి. పోగుపడిన ప్రోటాన్లే కారణమైతే చెదిరిన గుచ్ఛానికీ సద్దుమణిగిన గుచ్ఛానికీ ఇంత తేడా ఉండకూడదు, ఎందుకంటే ప్రోటాన్లు రెంటిలోనూ ఉంటాయి. కలయిక చిలికినంత కాలం వెలిగి, సుడులు అణగగానే ఆరిపోయే హాలో అయితేనే ఈ తేడాకు అర్థం ఉంటుంది. ఈ వాదంలో వెలువడిన ఆధారాలన్నిటిలో ఇదే గట్టిదని చెప్పడం సమంజసం.

2008లో అబెల్ 521 రెండో దెబ్బ కొట్టింది. ఈ గుచ్ఛంలో 1.4 గిగాహెర్ట్జ్ వద్ద దాదాపు కనిపించని హాలో జీఎంఆర్‌టీ 240 మెగాహెర్ట్జ్ వద్ద ప్రకాశవంతంగా బయటపడిందని బ్రునెట్టి బృందం ప్రకటించింది. సాధారణ హాలోలో పౌనఃపున్యం రెట్టింపైతే ప్రకాశం సగానికి కొంచెం దిగువకు పడుతుంది, అబెల్ 521లో సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. ఇంత నిటారైన వర్ణపటాన్ని ప్రోటాన్ల తాకిళ్లతో రాబట్టాలంటే ప్రోటాన్లలో దాగిన శక్తి గుచ్ఛం భరించలేనంత పెద్దది కావాలి. అల్లకల్లోల ప్రక్రియలో మాత్రం ఇది వింత కాదు, ఆశించవలసిన విషయం. సుడులు ఇచ్చే శక్తీ ఎలక్ట్రాన్ పోగొట్టుకునే శక్తీ ఒక చోట సమానమవుతాయి, ఆ పైన ఎలక్ట్రాన్లు ఉండవు. చిన్న కలయికల్లో ఆ హద్దు కిందికి జారుతుంది, కాబట్టి హాలో తక్కువ పౌనఃపున్యాల్లోనే కనిపిస్తుంది. ఎక్కువ పౌనఃపున్యాల్లోనే వెతుకుతూ వచ్చిన కాలంలో ఇటువంటి హాలోలు కంట పడకపోవడానికి కారణం అదే. అదే సంవత్సరం ప్రయోగించిన, గామా కిరణాలను పట్టే ఫెర్మీ ఉపగ్రహం ఏళ్ల తరబడి చూసినా, కోమా హాలోకు ప్రోటాన్లే మూలమైతే రావలసినన్ని గామా కిరణాలు ఆ దిక్కు నుంచి రాలేదు. ప్రోటాన్ల ఊహ పూర్తిగా కొట్టుకుపోయిందనడం సరి కాదు. అల్లకల్లోలానికి కావలసిన తొలి ఎలక్ట్రాన్లలో కొన్నిటిని అవి ఇస్తూ ఉండవచ్చు. హాలోను అవి ఒంటరిగా మోయలేవని మాత్రం తేలింది.

గుచ్ఛాల అంచుల్లో కనిపించే కాంతి రూపం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మబ్బులా పరచుకున్న హాలోకు బదులు విల్లులా వంగిన సన్నని, పొడవైన చాపాలు ఉంటాయి. వీటికి ‘రేడియో రెలిక్’, అంటే అవశేషం, అని పేరు పెట్టారు. ఎప్పుడో చల్లారిన రేడియో గెలాక్సీల అవశేషాలు కావచ్చన్న తొలి అనుమానం నుంచి పుట్టిన పేరు ఇది. అనుమానం చాలావరకు తప్పని తేలినా పేరు అతుక్కుపోయింది. ఖగోళ శాస్త్రంలో పేర్లకు ఇది మామూలే. వీటిలో అందరూ చూపే ఉదాహరణ 2010లో వాన్ వీరెన్ బృందం ప్రకటించిన ‘సాసేజ్’. పొడవు సుమారు రెండు మెగాపార్సెక్‌లు, అంటే 65 లక్షల కాంతి సంవత్సరాలు, వెడల్పు అందులో ముప్పయ్యో వంతు కూడా లేదు. దాని కాంతి 50 శాతానికి పైగా ధ్రువణం చెంది (తరంగాలు ఒకే దిశలో ఊగుతూ) ఉంటుంది, అంటే అక్కడి అయస్కాంత క్షేత్రం చిందరవందరగా కాక చాపం పొడవునా దువ్వినట్లు వరుసలో ఉంది. అన్నిటికన్నా చెప్పుకోదగినది వర్ణపటం. చాపం బయటి అంచున ఎలక్ట్రాన్లు తాజాగా ఉంటాయి, గుచ్ఛం కేంద్రం వైపు వచ్చేకొద్దీ క్రమంగా ముసలివవుతాయి. రెండు గుచ్ఛాలు గుద్దుకున్నప్పుడు పుట్టిన ఆఘాత తరంగం (ధ్వని వేగాన్ని మించి పోయే పీడన తరంగం) బయటికి దూసుకుపోతూ, తన ముందంచున ఎలక్ట్రాన్లను వేగవంతం చేసి, వెనక వాటిని చల్లారడానికి వదిలిపోతున్న దృశ్యం అది. చాపం వెడల్పును బట్టి ఎలక్ట్రాన్లు చల్లారే గడువును కొలవవచ్చు, ఆ గడువు జాఫే లెక్కతో సరిపోతుంది.

కొన్ని గుచ్ఛాల్లో రెండు వైపులా ఒక్కో చాపం ఉంటుంది. పుణేలోని ఐయూకా ఖగోళ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త జాయ్‌దీప్ బాగ్చీ బృందం 2006లో ప్రకటించిన అబెల్ 3376 వాటిలో ప్రసిద్ధమైనది. గుచ్ఛం చుట్టూ కుండ అంచులా కనిపించే ఆ నిర్మాణం రెండు మెగాపార్సెక్‌ల స్థాయిలో ఉంది. ఒక కలయిక నుంచి ఎదురెదురు దిశల్లో రెండు ఆఘాత తరంగాలు బయలుదేరతాయన్న అంచనాకు ఇటువంటి జంటలు తగినట్లుగా ఉంటాయి.

చిత్రం ఇంత చక్కగా ఉన్నా లెక్క కుదరని చోటు ఒకటి ఉంది. సూపర్‌నోవా అవశేషాల్లో, అంటే పేలిపోయిన నక్షత్రాల శేషాల్లో, ఆఘాత తరంగం చుట్టుపక్కల వాయువులోని ధ్వని వేగానికి వందల రెట్లు వేగంగా పోతుంది, అందుకే కణాలకు శక్తి ఇవ్వడంలో సమర్థంగా ఉంటుంది. గుచ్ఛాల్లో వాయువు అప్పటికే అతి వేడి, ధ్వని వేగమే సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. అందువల్ల అక్కడి ఆఘాత తరంగం ధ్వని వేగానికి రెండు మూడు రెట్లకు మించడం అరుదు. అంత బలహీనమైన తరంగం చల్లని ఎలక్ట్రాన్లను పైకెత్తి ఇంత ప్రకాశం ఇవ్వాలంటే తన శక్తిలో నమ్మశక్యం కాని వాటాను ఎలక్ట్రాన్లకే ధారపోయాలి. ‘టూత్‌బ్రష్’ అనే రెలిక్‌లో ఈ ఇబ్బంది మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. రేడియో వర్ణపటం ప్రకారం తరంగం వేగం ధ్వని వేగానికి మూడు నాలుగు రెట్లు, ఎక్స్ కిరణాల ప్రకారం ఒకటిన్నర రెట్లు. తరంగం అంతటా ఒకే బలంతో ఉండదని, రేడియో దానిలోని బలమైన ముక్కలనే పట్టి చూపుతుందని కొందరు అంటారు. అది కొంతవరకు నిజం కావచ్చు, కానీ శక్తి లెక్కను అది పూర్తిగా తీర్చదు.

నివురుగప్పిన నిప్పు అన్న మాట ఇక్కడ దాదాపు అక్షరాలా వర్తిస్తుంది. గుచ్ఛంలోని గెలాక్సీల కేంద్రాల్లో ఉన్న కృష్ణ బిలాలు ఎప్పుడో చిమ్మిన ఎలక్ట్రాన్లు పది కోట్ల ఏళ్లలో రేడియోకు కనిపించకుండా పోతాయి గాని, పూర్తిగా చల్లారవు. శక్తి తగ్గేకొద్దీ నష్టమూ నెమ్మదిస్తుంది కనుక, నిశ్చల శక్తికి వంద రెట్ల స్థాయికి దిగిన ఎలక్ట్రాన్లు వందల కోట్ల ఏళ్లు అలాగే ఉండిపోగలవు. ఆ నివురు మీదుగా ఆఘాత తరంగం పోతే, అది బలహీనమైనదైనా, అవి మళ్లీ రాజుకుంటాయి. ఈ ఊహకు సూటి సాక్ష్యం 2017లో అబెల్ 3411–3412 జంట గుచ్ఛంలో దొరికింది. ఒక రేడియో గెలాక్సీ తోక రెలిక్ దాకా సాగి, దూరం వెళ్లేకొద్దీ మసకబారి, రెలిక్ అంచును తాకిన చోట ఒక్కసారిగా మళ్లీ ప్రకాశించడం జీఎంఆర్‌టీ తదితర టెలిస్కోపుల పరిశీలనల్లో కనిపించింది. అబెల్ 1033లో 2017లోనే కనిపించిన ఒక తోక ఇంకా నిదానమైన కథ చెబుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు ఎగసి మండలేదు, చల్లారడానికి పట్టవలసిన కాలం దాటినా సన్నగా రాజుకుంటూనే ఉన్నాయి. ప్రతి రెలిక్‌కూ ఇటువంటి తోకను చూపగలిగితే సమస్య తీరినట్లే. చాలా రెలిక్‌లకు అలా చూపగలిగిన తోక లేదు. పైగా 65 లక్షల కాంతి సంవత్సరాల పొడవునా దాదాపు సమంగా వెలిగే సాసేజ్‌కు ఒకటి రెండు గెలాక్సీల నివురు సమంగా పరచుకుని ఉందనడం సులువుగా మింగుడుపడదు. హాలోలకు కావలసిన తొలి ఎలక్ట్రాన్ల ప్రశ్న కూడా ఇదే. తుఫాను ఎక్కడిదో తెలిసింది, నిప్పురవ్వ ఎక్కడిదో ఇంకా తేలవలసి ఉంది.

ఈ కాంతిని కొలవడంలోని కష్టం గురించి ఒక మాట. అనేక యాంటెన్నాలను జోడించిన టెలిస్కోపు సన్నని వివరాలను బాగా పట్టుకుంటుంది, కానీ ఆకాశంలో విశాలంగా పరచుకున్న మసక కాంతిని పట్టాలంటే దగ్గర దగ్గరగా ఉన్న యాంటెన్నాల జతలు తగినన్ని ఉండాలి, లేకపోతే హాలో ఉండి కూడా లెక్కలోంచి జారిపోతుంది. గెలాక్సీల వాటాను తీసివేయడంలో పొరపాటు జరిగితే లేని హాలో పుడుతుంది, ఉన్న హాలో పోతుంది. తక్కువ పౌనఃపున్యాల్లో భూమి అయనోవరణం చిత్రాన్ని నీటి అడుగున కనిపించే రాయిలా కదిలిస్తుంది. పత్రికల్లో వచ్చే చిత్రాల్లో హాలోకు వేసే ఎరుపు, ఊదా రంగులు చూసేవారి సౌకర్యం కోసం వేసినవే.

నెదర్లాండ్స్ కేంద్రంగా ఉన్న లోఫార్ టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పని చేస్తూ గత కొన్నేళ్లలో ఈ రంగాన్ని ఒక్కో గుచ్ఛం కథల నుంచి జనాభా లెక్కల స్థాయికి తెచ్చింది. 2022లో బొట్టియోన్ బృందం ప్లాంక్ ఉపగ్రహం గుర్తించిన 309 గుచ్ఛాలను చూసి 83 హాలోలు, 26 గుచ్ఛాల్లో రెలిక్‌లు ఉన్నట్లు లెక్కగట్టింది. 2019లో గొవోని బృందం ఇంకా కలవని రెండు గుచ్ఛాల, అబెల్ 399, అబెల్ 401ల, నడుమ సుమారు కోటి కాంతి సంవత్సరాల దూరం పొడవునా సాగే రేడియో వంతెనను చూపింది. ఢీకొనక ముందే, వాయువు ఇంకా పలుచగా ఉన్న చోట, అంత దూరం ఎలక్ట్రాన్లు వెలుగుతున్నాయంటే పాత ఆయుష్షు చిక్కు మరింత పదునెక్కినట్లే. 2022లో కుచిటి బృందం నాలుగు గుచ్ఛాల్లో హాలోను చుట్టి ఉన్న మరింత మసక వెలుగును, హాలో కంటే దాదాపు 30 రెట్ల ఘనపరిమాణం గల ‘మెగాహాలో’ను గుర్తించింది. గుచ్ఛం మధ్యలో కలయిక రేపే సుడులతో ఇది వివరణకు అందదు. బయటి నుంచి నిరంతరం వచ్చి పడే పదార్థం అంచుల్లో రేపే అలజడి దీనికి కారణమని ఇప్పుడు ఎక్కువమంది మొగ్గుతున్న అభిప్రాయం.

దూరపు గుచ్ఛాల నుంచి వచ్చిన కబురూ తేలిక కాదు. విశ్వం వయసు ఇప్పటిదానిలో సగం కన్నా తక్కువ ఉన్నప్పటి కాంతి మనకు చేరుతున్న ‘ఎల్ గోర్డో’ గుచ్ఛంలో హాలో, రెలిక్‌లు రెండూ ఉన్నాయి. ఆ కాలంలో నేపథ్య వికిరణం సాంద్రత ఇప్పటికి సుమారు 12 రెట్లు, అంటే ఎలక్ట్రాన్లు అంత వేగంగా చల్లారాలి. అయినా ఆ కాలపు హాలోలు దగ్గరి వాటికి ప్రకాశంలో తీసిపోలేదని 2021లో డి జెన్నారో బృందం చూపింది. గుచ్ఛాల అయస్కాంత క్షేత్రాలు అప్పటికే దాదాపు నేటి బలానికి చేరాయని ఒప్పుకుంటే తప్ప ఇది పొసగదు. బలహీనమైన ఆది క్షేత్రం అంత త్వరగా ఎలా పెరిగిందన్నది మరో పెద్ద ప్రశ్న.

కథ మొదలైన కోమా కూడా ఇప్పుడు వేరుగా కనిపిస్తోంది. చాలాకాలం సద్దుమణిగిన గుచ్ఛానికి నమూనాగా చెప్పిన కోమాలోకి ఎన్‌జీసీ 4839 గెలాక్సీ చుట్టూ ఉన్న గుంపు వచ్చి కలుస్తోంది. ఆ దిక్కునే గుచ్ఛం అంచున 1970ల చివర గుర్తించిన రెలిక్ ఉంది, హాలోనూ రెలిక్‌నూ కలిపే మసక వంతెన లోఫార్ చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో నిర్మాణంలో ఉన్న స్క్వేర్ కిలోమీటర్ అర్రే, అంటే ఎస్‌కేఏ తక్కువ పౌనఃపున్య టెలిస్కోపు 50 నుంచి 350 మెగాహెర్ట్జ్ వరకు చూస్తుంది. ఆ ప్రాజెక్టులో భాగస్వామ్యానికి భారత ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు ఆమోదించినట్లు 2024 జనవరిలో వెల్లడైంది. అల్లకల్లోల సిద్ధాంతం సరైనదైతే అబెల్ 521 వంటి నిటారు వర్ణపటం గల హాలోలు ఆ పౌనఃపున్యాల్లో పెద్ద సంఖ్యలో బయటపడాలి, అవి కూడా భారీ గుచ్ఛాలకంటే ఓ మోస్తరు గుచ్ఛాల చిన్న కలయికల్లో ఎక్కువగా కనిపించాలి.